కంపొతోస్తో జంట మోర్తదెల్లా: ఊరి పేరును నిలుపునదేది?

(ఒక మండల వ్యవసాయాధికారి, బి.యస్సీ., వ్యవసాయము)

గత వేసవిలో మా మండలములోని ఒక గ్రామమున భౌగోళిక గుర్తింపు ముద్రను గూర్చి రైతులకు చెప్పవలసి వచ్చినది. ఆ ఊరి ముండ్ల వంకాయకు చుట్టుపట్ల సంతలలో మంచి పేరు. ఎంత పేరనగా, ఎక్కడ పండిన కాయనైనను ఆ ఊరి కాయ అనియే కేకవేసి అమ్ముచుందురు. సభ ముగియు వేళ ఒక వృద్ధ రైతు లేచి, "అయ్యా, ఆ ముద్ర పడితే మా కాయకు రేటు వస్తాదా? మా ఊరి పేరు మాకు దక్కుతాదా?" అని అడిగెను. నేను తడుముకొనక, "ఎందుకు దక్కదు పెద్దాయనా, దక్కుతుంది" అంటిని.

ఇల్లు చేరిన తరువాత ఆ జవాబు నాకే నచ్చలేదు. ముద్ర వేయించుకొనిన పేర్ల గతి యేమైనది, వేయించుకొనని పేర్ల గతి యేమైనది అని చదువసాగితిని. అట్లు చదువుచుండగా తటస్థపడినది ఇటలీ దేశమందలి ఒక కొండ గ్రామము, అచ్చట చేయు పందిమాంసపు సాసేజి. పంది అనగానే కొందరు పాఠకులు పుట త్రిప్పివేయుదురేమో. తినుడని నేను చెప్పబోవుట లేదు. ఆ ఊరివారి కథ మన వంకాయకును, మామిడికిని పనికివచ్చును గనుక వినుడని మాత్రమే మనవి.

ఇటలీ దేశమునకు వెన్నెముకవలె ఉత్తరమునుండి దక్షిణమునకు సాగిన కొండలు అపెనైన్ పర్వతములు. ఆ కొండలలో, అబ్రుజ్జో ప్రాంతమున, లాక్విలా జిల్లాలో కంపొతోస్తో అను గ్రామము కలదు. సముద్రమట్టమునకు సుమారు 1,400 మీటర్ల ఎత్తు. అనగా మన హార్సిలీ కొండకంటె ఎక్కువ. ఊరి ముందర పెద్ద చెరువొకటి కలదు. పూర్వము అది జమ్ము పెరుగు చిత్తడి నేల. గత శతాబ్దపు మధ్యకాలములో విద్యుత్తు కొరకు ఆనకట్టలు కట్టగా సరస్సయినది. చలికాలము మంచు మోకాలి లోతు పడుట అచ్చట వింత కాదు. అట్టి నేలలో ఏడాదికి రెండు పంటల మాట అటుంచి, ఒక పంటయే గగనము. గొఱ్ఱెలే ఆధారము. శీతాకాలము రాగానే ఆ సీమ కాపరులు మందలను తోలుకొని దక్షిణమున పూలియా మైదానములకు వందల కిలోమీటర్లు నడచి పోయెడివారు. మేత కొరకు మందలతో జిల్లాలు దాటి పోవు మన గొల్లలకును, కురుబలకును ఈ బ్రతుకు చెప్పనక్కరలేదు.

మగవారు మందలతో పోగా ఇంటిపట్టున నున్నవారికి చలికాలపు ఆధారము ఇంటి పంది. ఏడాది పొడవునా వంటింటి కడుగు, తవుడు, తోటలోని తాలుకాయ తిని బలిసిన పందిని గడ్డు చలిలో కోయుదురు. ఆ కాలమున కోయుటకు శాస్త్రము కలదు: ఈగ ఉండదు, మాంసము చెడదు. ఒక్క పంది మాంసము ఇంటిల్లిపాదికి మరుసటి వేసవి దాక రావలెను. ఇందుకే ఉప్పు, పొగ, చలిగాలి అను మూడింటిని నమ్ముకొనిరి. ఆ కొండలకు ఆవల నోర్చా అను పట్టణము కలదు. అచ్చటి కసాయివారు శీతాకాలములో ఊరూర తిరిగి పందులను కోసి, మాంసమును నిలువజేసి ఇచ్చెడివారు. వారి నైపుణ్యము ఎంత పేరు పొందినదనగా, ఇటలీ భాషలో పందిమాంసపు పనివానికి 'నోర్చీనో' అను పేరే స్థిరపడిపోయినది.

కంపొతోస్తో వారి సాసేజిని మోర్తదెల్లా అందురు. కొవ్వు తక్కువగల పందిమాంసమును మెత్తగా కొట్టి, ఉప్పు, మిరియము, తెల్ల ద్రాక్షసారా, ఇంటింటికి ఒక విధముగా నుండు సుగంధ ద్రవ్యములు కలిపి ముద్ద చేయుదురు. ముద్ద నడుమ వీపు కొవ్వునుండి చదరముగా కోసిన కడ్డీ నొకదానిని దూర్చుదురు. దీనిని పేగు తొడుగులో బిగించి, నూలు త్రాటితో చేతితోనే అల్లిక వేసి, ఒకే త్రాటికి రెండింటిని జంటగా ముడివేయుదురు. ఒక్కొక్కటి సుమారు మూడువందల గ్రాములు తూగును. ఆ జంటలను దూలమునకు అడ్డముగా వేలాడగట్టి, ఓక్ లేక బీచ్ కట్టెల పొయ్యి పొగలో రెండు వారములుంచి, పిమ్మట కొండ గాలి వీచు గదులలో నెలల తరబడి ఆరవిడుతురు. సుమారు మూడు నెలలకు సిద్ధమగును. ఉడికించు పని లేదు. పలుచగా కోసినపుడు ఎఱ్ఱని బిళ్ళ మధ్య తెల్లని చదరము కనబడును.

జంటగా వేలాడు వీనికి గ్రామీణులు పెట్టిన ముద్దుపేరు ఒకటి కలదు. అది కంచరగాడిద శరీరములో జంటగా వేలాడు అవయవము పేరు. ప్రభుత్వ పత్రికలో అంతకుమించి వ్రాయుట మర్యాద కాదు. కంచరగాడిద మాంసము ఇందులో లవలేశమైనను లేదని మాత్రము తెలుపవలసియున్నది. దుకాణములలో ఆ పేరు విని బిత్తరపోవు పరదేశీయులు ఇప్పటికిని కలరట.

వ్యవసాయ శాస్త్రము చదివినవానికి ఇందులో ముచ్చట గొలుపునది ఆ కొవ్వు కడ్డీ. మాంసమును ఆరబెట్టునపుడు అసలు గండము నడిబొడ్డుననే యుండును. పై భాగము ముందు ఎండును. లోపలి తేమ నెమ్మదిగా వెలికి రావలెను. గాలి వేడిగానుండి పైపొర త్వరపడి గట్టిపడినచో లోపలి తేమ అక్కడనే చిక్కుకొని మాంసము కుళ్ళును. కొవ్వులో నీరు మిక్కిలి తక్కువ. కావున ముద్ద నడుమ మాంసమునకు బదులు కొవ్వు కడ్డీ నుంచినచో తేమ వెలికివచ్చుటకు నడువవలసిన దూరము తగ్గిపోవును. రుచి కొరకు పెట్టిరో, అనుభవముచే కనుగొనిరో నేను చెప్పజాలను; నా ఊహలో రెండును కావచ్చును. ఉప్పు నీటిని లాగును, మేలుచేయు సూక్ష్మజీవులు పులుపు పుట్టించును, పొగలోని ద్రవ్యములు బూజును అణచును, చల్లని గాలి తొందరపడక ఆర్చును. ఈ నాలుగును ఒకేచోట కుదిరినందువల్లనే ఆ సాసేజి ఆ ఊరిదైనది. మన మాంసపు ఒరుగులు రోహిణి ఎండలో రెండు దినములలో ఎండును. సన్నగా కోయుదుము గనుక చెడవు. అంత లావు ముద్దను మన ఎండలో వేలాడగట్టినచో మూడవనాటికి వీధివారు మనలను వెళ్ళగొట్టుదురు.

ఇక అసలు విషయమునకు వత్తును. మోర్తదెల్లా అను మాట వినగానే ఇటలీలోగాని, బయటగాని ఎవ్వరికిని కంపొతోస్తో స్ఫురింపదు. బొలోన్యా నగరము స్ఫురించును. బొలోన్యా మోర్తదెల్లా వేరు జాతిది: గులాబిరంగు, మనిషి తొడంత లావు, అక్కడక్కడ తెల్లని కొవ్వు ముక్కలు, పొయ్యిలో నెమ్మదిగా ఉడికినది. దాని పేరును కాపాడుటకు ఆ నగరము ఎంతో ముందుగనే మేల్కొనినది. 1661లో కార్డినల్ ఫార్నేసే అను మతాధికారి దానిని ఎట్లు చేయవలెనో విధించుచు శాసనము వెలువరించెను. మన దేశమున ఔరంగజేబు క్రొత్తగా గద్దెనెక్కిన కాలమది. పందిమాంసము తప్ప వేరు మాంసము కలుపరాదని ఆనాడే కట్టడి. తరువాత 1998లో యూరప్ సంఘము దానికి 'రక్షిత భౌగోళిక సూచిక' అను ముద్ర నిచ్చినది.

ముద్ర పడినది గదా, పేరు బొలోన్యాకు దక్కినదా? నిబంధనల పత్రము చదివినచో ఆశ్చర్యము కలుగును. ఆ పేరుతో సాసేజి చేయుటకు హక్కుగల ప్రదేశములు బొలోన్యాగల ఎమీలియా రొమాన్యా ప్రాంతముతో బాటు పీడ్‌మాంట్, లొంబార్డీ, వెనెతో, ట్రెంటో, టస్కనీ, మార్కే, లాజియో. ఉత్తర, మధ్య ఇటలీలలో అధిక భాగము ఇందులో చేరిపోయినది. ఇది మోసము కాదు, చట్టప్రకారమే. ముద్ర వేయునాటికి ఆ ప్రాంతములన్నిట కర్మాగారములు వెలసియున్నవి, వానిని కాదనుట కష్టము. దాని వలన వేలమందికి పని దొరుకుచున్నది, సరుకు నాణ్యముగనే యున్నది. కాని అది నగరపు పేరుగల పరిశ్రమ అయినది. ఊరి సొత్తు కాలేదు. ముద్ర వేయించుకొను ప్రతి ఊరివారును ఈ తేడాను ముందే ఎరిగియుండవలెను.

యూరప్‌లో ముద్రలు రెండు విధములు. 'రక్షిత మూలస్థాన నామము' అనునది గట్టిది: ముడిసరుకు మొదలు తుది పని వరకు అంతయు చెప్పిన ప్రదేశములోనే జరుగవలెను. 'భౌగోళిక సూచిక' అనునది సడలినది: పెంచుట, తయారుచేయుట, సిద్ధపరచుట అను పనులలో ఒకటి అచ్చట జరిగిన చాలును. పంది ఎచ్చట పుట్టినను అడుగువారుండరు.

పందిని అడుగకపోవుట ఎంత దూరము పోవునో టస్కనీలో జరిగిన సంగతి చెప్పును. అచ్చట సియెన్నా నగరపు ప్రభుత్వ భవనములో 1338–39 ప్రాంతమున అంబ్రోజియో లొరెంజెత్తి అను చిత్రకారుడు గోడమీద గొప్ప చిత్రము వ్రాసెను. అందు నల్లని ఒంటిపై భుజముల చుట్టు తెల్లని పట్టీగల పంది కనబడును. అది సియెన్నా నాటు జాతి, పేరు చింతా సెనేసే. ఇరువదవ శతాబ్ది మధ్యనుండి త్వరగా పెరుగు తెల్లజాతులు రాగా, రైతులు దీనిని విడనాడిరి. ఆరువందల యేండ్ల క్రిందటి గోడమీదనున్న పంది అడవిలో దాదాపు కనుమరుగయ్యెను. కొందరు పెంపకందారులు మిగిలిన కొద్దిపాటి పందులను చేరదీసి, మంద పుస్తకము వ్రాసి, మరల పెంచిరి. 2012లో దాని మాంసమునకు గట్టి ముద్ర, అనగా మూలస్థాన నామము, దొరకినది. మొదట జంతువు, తరువాత ముద్ర. ఈ వరుస తలక్రిందులైనచో కాపాడుటకు పేరు తప్ప ఏమియు మిగులదు.

తెల్లజాతి పందులు మనకును క్రొత్త కావు. 1960ల ప్రణాళికల కాలములో దేశమందు స్థాపించిన బేకన్ కర్మాగారములలో ఒకటి మన గన్నవరములో వెలసినది; లార్జ్ వైట్ యార్క్‌షైర్ జాతి ఆ రోజులనుండియే మన రైతులకు పరిచయము. త్వరగా ఎదుగును, ఈతకు పిల్లలెక్కువ, లాభమెక్కువ. దానిని పెంచవద్దని నే ననను. నాటు పంది మాట అడుగువారు లేరనుటయే నా బాధ. దానిని పెంచిన ఎరుకల కుటుంబముల అనుభవమును మా శాఖవారము గాని, పక్కశాఖవారు గాని కూర్చుండి వ్రాసికొనిన సందర్భములు తక్కువ. పంది పేరెత్తిన ముక్కు మూసికొను అలవాటు అధికారులకును కలదు, నాకును ఉండెడిది.

కంపొతోస్తో సంగతికి వత్తును. ఈ జంట మోర్తదెల్లాకు యూరప్ ముద్ర ఆధారము కాదు. ఇటలీ ప్రభుత్వము 1999లో చేసిన నిబంధనల ప్రకారము, ఇరువదియైదేండ్లకు తక్కువగాక ఒకే పద్ధతిలో చేయబడుచున్న ఆహారములకు సంప్రదాయ పట్టిక కలదు. అబ్రుజ్జో పట్టికలో దీనికి చోటున్నది. దన్నుగా నిలిచినది మరియొకటి. 1986లో పీడ్‌మాంట్ ప్రాంతపు బ్రా పట్టణమున కార్లో పెత్రీనీ మొదలగువారు ఆరంభించిన 'స్లో ఫుడ్' ఉద్యమము, అంతరించుచున్న ఆహారముల కొరకు చిన్న చిన్న రక్షణ సంఘములను ఏర్పరచుచున్నది. చేయువారు కూర్చుండి తమ పద్ధతిని తామే వ్రాసికొందురు. ఉద్యమమువారు కొనువారిని చూపుదురు. అట్లు చేయూత పొందినవానిలో కంపొతోస్తో మోర్తదెల్లా ఒకటి. చేయువారిని వ్రేళ్ళమీద లెక్కింపవచ్చును.

ఇట్లు మిగిలినవారు తక్కువగుటకు కారణము నకిలీ ఒక్కటే కాదు. నకిలీ ఉన్నమాట నిజము: లోపల తెల్లకడ్డీ, పైన త్రాటి అల్లిక, జంట ముడి, అన్నియు అట్లే పెట్టి యంత్రములపై చేసినవి మధ్య ఇటలీ దుకాణములలో ఆ చిలిపి ముద్దుపేరుతోనే అమ్ముడుపోవుచున్నవి. కొనువానికి తేడా తెలియదు. ధరలో మాత్రము తెలియును. కాని పెద్ద దెబ్బ వలస. ఒకప్పుడు వేలల్లో నున్న ఆ ఊరి జనాభా నేడు ఐదువందలకు అటునిటు. చదువుకొనిన పిల్లలు రోమునకో, ఇతర దేశములకో పోయిరి. దీనికి తోడు భూకంపములు. 2009 ఏప్రిల్ 6న లాక్విలా పట్టణమును కూల్చిన భూకంపములో మూడువందలమందికి పైగా చనిపోయిరి. 2016 ఆగస్టు 24న పొరుగునున్న అమాత్రీచే నేలమట్టమయ్యెను. ఆ సంవత్సరము అక్టోబరు 30న నోర్చాలోని ప్రాచీన దేవాలయము కూలెను. 2017 జనవరి 18న, మంచు నిండుగా కురియుచున్న వేళ, కంపొతోస్తో చుట్టుపట్లనే ఒక్కపూటలో నాలుగు పెద్ద కుదుపులు వచ్చినవి. ఇండ్లు పగిలినవి. మంచు బరువునకు, కుదుపునకు కొట్టములు కూలి ఆ సీమలో పశువులు ఎన్నో చచ్చినవి. బ్రతికినవానికి మేత మోసికొనిపోవుటకు దారులు లేవు.

అటువంటి ఊరిలో ఎవడైనను దూలమునకు మరల జంటలు కట్టుచున్నాడనగా, అది లాభనష్టముల లెక్కలో మాత్రమే తేలునది కాదు. మీదుమిక్కిలి 2022 జనవరిలో ఇటలీ ప్రధాన భూభాగమున పీడ్‌మాంట్ అడవిపందులలో ఆఫ్రికా పందిజ్వరము బయటపడినది. మరుసటి ఏడు లొంబార్డీ పందుల దొడ్లకును పాకినది. ఆ రోగమునకు మందు లేదు. రోగము కనబడిన చుట్టుపట్ల ఆరుబయట పందులను మేపరాదను కట్టడి వచ్చును. పెద్ద దొడ్డివాడు కంచెలు కట్టి తట్టుకొనగలడు. రెండు పందుల రైతు తట్టుకొనలేడు. 2020లో అస్సాములో ఆ రోగము ప్రవేశించినపుడు అచ్చటి చిన్న పెంపకందారులు పడిన అవస్థ ఇటువంటిదే.

ఇచ్చట ఒక ఆక్షేపణ రావచ్చును. "వేళ్ళమీద లెక్కింపదగిన కుటుంబములు చేయు సరుకు వలన ఎవరికి లాభము? బొలోన్యా పద్ధతియే మేలు గదా, వేలమంది బ్రతుకుచున్నారు" అని మా పై అధికారులలో ఒకరు నాతో వాదించిరి. వారి మాటలో సగము నిజమున్నది. జిల్లాలో పదివేల ఎకరాల పంటకు బొలోన్యా దారియే దారి. బంగినపల్లి మామిడినే చూడుడు. 2017లో దానికి గుర్తింపు దొరకినది. పేరు నంద్యాల జిల్లాలోని బనగానపల్లెది, పండించు ప్రదేశములలో ఆంధ్ర తెలంగాణములలోని పలు జిల్లాలు చేరినవి. తోటలన్నియు ఆ చెట్లతో నిండియుండగా ఒక్క ఊరికే హక్కు అనుట న్యాయము కాదు. కాని ఒక్క ఊరి మట్టిలో, నాలుగు కుటుంబముల చేతిలో నిలిచిన సరుకునకు అదే కొలతను పెట్టినచో, ముద్ర దొరకిన నాడే దాని పేరు చేజారును. రెండింటికి రెండు దారులు కావలెను. ఏది ఎటువంటిదో తేల్చుకొనుట దరఖాస్తు వ్రాయకముందు జరుగవలసిన పని. మనవారు దరఖాస్తు వ్రాసిన పిదప తేల్చుకొనుచున్నారు.

గ్రామాధికారులు మన చట్టములోని రెండు సంగతులు గమనింపవలెను. 1999లో చేసి 2003 సెప్టెంబరు 15 నుండి అమలైన మన భౌగోళిక సూచికల చట్టము, తయారు చేసిన సరుకుల విషయములో యూరప్‌లోని సడలిన ముద్రను పోలినది: ఉత్పత్తి, ప్రక్రియ, తయారీలలో ఏదో ఒకటి ఆ ప్రదేశములో జరిగిన చాలును. కావున ముడిసరుకు గూడ మన ఊరిదే కావలెనన్నచో ఆ మాటను నిబంధనల పత్రములో మనమే వ్రాసికొనవలెను. చట్టము మన తరఫున వ్రాయదు. రెండవది, సంఘము పేరనో శాఖ పేరనో నమోదు జరిగినంత మాత్రమున పండించువానికి పని పూర్తికాదు. అతడు 'అధీకృత వినియోగదారు'గా విడిగా నమోదు చేయించుకొనవలెను. నమోదు పదేండ్లకు, పిమ్మట పునరుద్ధరించుకొనవలెను. ముద్ర వచ్చినదని సన్మానసభ చేసి, ఒక్క రైతును గూడ అట్లు నమోదు చేయింపక ఊరకున్న చోట్లు నే నెరుగుదును.

మరియొక హెచ్చరిక. ఈ వ్యాసము చదివి ఇంట పందిమాంసమును పొగలో వేలాడగట్టి, ఉడికింపక తినుటకు ఎవ్వరును పూనుకొనరాదు. మన వేడికి అది విషమగును. ఇటలీలో ఇంటి కొరకు కోసిన పందిని గూడ ట్రికినెల్లా అను పురుగు కొరకు పశువైద్యునిచే పరీక్ష చేయింతురు. మన పందులలో బద్దెపురుగు పొక్కుల భయము కలదు. మనము బాగుగా ఉడికించియే తినవలెను.

గత మాసములో నేను మరల ఆ ముండ్ల వంకాయ గ్రామమునకు పోయితిని. ఆ పెద్దాయన రచ్చబండపైననే యుండెను. "నేను ఆ రోజు తొందరపడి చెప్పాను, పెద్దాయనా" అని మొదలుపెట్టి, కంపొతోస్తో కథ అంతయు చెప్పితిని. పంది సంగతికి నవ్వెను. భూకంపము సంగతికి "అయ్యో" అనెను. తరువాత నేను అడిగితిని: "మీ ఊళ్ళో అంగడి నారు కాకుండా, సొంత కాయ పండబెట్టి విత్తనం తీసుకునేవాళ్ళు ఎన్ని ఇళ్ళు?" ఆయన వ్రేళ్ళు మడచుచు, ఒక పేరు చెప్పి "లేదులే, వాళ్ళు పోయినేడే మానుకున్నారు" అని ఆ వ్రేలు విప్పి, మరల మొదటినుండి లెక్కించెను. నాలుగు ఇండ్లు. అందొకటి ఒంటరిగానున్న ముదుసలామెది. ఆమె కొడుకులు బెంగుళూరులో ఉన్నారు.

ఈ ఖరీఫులో ఆ నాలుగిండ్ల విత్తనమును తీసికొని, పరపరాగము సోకకుండ దూరదూరముగా నాలుగు మడులలో పెంచి చూచుటకు వారు ఒప్పుకొనిరి. ముదుసలామె విత్తనము చారెడే ఉన్నది. అది ముందు పోయించితిమి.